కాటుకీ సూదికీ మధ్య

వానాకాలం రాత్రి. ఉక్కపోతకు మంచం మీద ఉండలేక నేల మీద చాప పరుచుకుని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు పట్టుకుని లేస్తాడు. రెండు వాంతులు అవుతాయి. రాత్రి తిన్నదేదో పడలేదని ఇంట్లోవాళ్ళు వాము నీళ్ళు తాగిస్తారు. కాసేపటికి గుటక పడటం లేదంటాడు. మాట ముద్దముద్దగా వస్తుంది. కళ్ళు తెరవమంటే రెప్పలు పైకి లేవవు. నిద్రమత్తు అనుకుంటారు. ఒళ్ళంతా వెతికినా వాపు లేదు, నెత్తురు లేదు, గాటు కనిపించదు. తెల్లారేసరికి ఊపిరి అందదు.

కట్లపాము కాటు ఇలాగే ఉంటుంది. దాని కోరలు చాలా చిన్నవి. చీమ కుట్టినంత నొప్పి కూడా లేకపోవచ్చు. పగలు ఎక్కడో ముడుచుకుని ఉండే ఈ పాము రాత్రివేళ తిరుగుతుంది, పక్క మీదికి వస్తుంది, నిద్రలో మనిషి అటూ ఇటూ ఒత్తిగిలితే కరుస్తుంది. అందుకే నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున ఉన్నట్టుండి కడుపునొప్పి, వాంతులు వచ్చి, దాంతోపాటు రెప్పలు వాలిపోతుంటే ఊరి డాక్టరు మొదట అనుమానించవలసింది పాముకాటునే. గాటు కనబడలేదన్న మాటతో ఆ అనుమానాన్ని పక్కన పెట్టకూడదు.

నరం చివర, కండరాన్ని కదలమని చెప్పే చోట ఈ విషం దెబ్బ తీస్తుంది. ఆ నరాల కొసలు పాడయ్యాక మళ్ళీ చిగురించడానికి రోజులు పడుతుంది, కొందరికి వారాలు. విరుగుడు మందు రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు గానీ అప్పటికే పాడైన కొసల్ని బాగుచెయ్యలేదు. అవి మళ్ళీ చిగురించేదాకా ఆ మనిషి తరఫున ఊపిరి పీల్చే పని వెంటిలేటరుది. అది అందేదాకా నర్సు చేత్తో నొక్కి గాలి పంపే అంబూ బ్యాగుది. ఇక్కడ ఒక సంగతి వైద్య సిబ్బందికే కాదు, మంచం పక్కన నిలబడిన బంధువులకూ తెలియాలి. ఆ స్థితిలో రోగి వేలు కదపలేడు, కన్ను తెరవలేడు, కంటిపాప టార్చి వెలుతురుకు కూడా కదలకపోవచ్చు. చూసినవాళ్ళు అంతా అయిపోయిందనుకుంటారు. కానీ అతనికి మాటలన్నీ వినిపిస్తూ ఉంటాయి. అలాంటివాళ్ళు వెంటిలేటరు మీద రోజుల తరబడి ఉండి, లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షల మంది అని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఏటా సగటున 58,000 మంది. ఆసుపత్రి రికార్డులను నమ్ముకోకుండా ఇంటింటికీ వెళ్ళి, ఎవరు ఎలా పోయారో అడిగి వేసిన లెక్క అది. అలా అడగాల్సి వచ్చింది ఎందుకంటే చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే ఉన్నాయి. వాటిలో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే నాట్లూ కలుపుతీతలూ జరిగే నెలల్లోనే. పోయినవాళ్ళలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్ళ లోపు పిల్లలు. ఇంత జరుగుతున్నా ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల పట్టికలో పైవరుసకు తెచ్చింది 2017లో. మన కేంద్ర ఆరోగ్య శాఖ ప్రతి కాటునూ, ప్రతి మరణాన్నీ ప్రభుత్వానికి తెలియజేసేలా ఏర్పాటు చెయ్యాలని రాష్ట్రాలను కోరింది 2024 నవంబరులో. ఇంత ఆలస్యం కావడానికి కారణం, ఈ కాట్లు పడేది పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే పాదాల మీద కావడమే.

2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో వరుసగా కాట్లు పడ్డాయి. అవనిగడ్డ, మోపిదేవి చుట్టుపక్కల ఊళ్ళలో రైతులు పొలానికి దిగడానికే జంకిన రోజులవి. కాలవలకు నీళ్ళొచ్చి, పొలాలు తడిసి, కన్నాల్లోంచి పాములు గట్ల మీదికి వచ్చాయి. ఆ ఆగస్టులోనే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పశాంతి యాగం జరిగింది. భక్తి ఎవరిది వారిది, దాన్ని తక్కువచేసే పని లేదు. అయితే ఆ సీజన్లో విషం ఎక్కినా బతికి బయటపడ్డవాళ్ళను బతికించింది ఆసుపత్రిలో ఎక్కించిన మందు. ఆ మాట కూడా గుడిలో చెప్పినంత గట్టిగా ఊళ్ళో చెప్పాలి.

మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాగుపాము కాటు దాగదు. కరిచిన చోట మంట, వాపు, తర్వాత తోలు నల్లబడి కుళ్ళడం కనిపిస్తుంది. దాని విషం కూడా కట్లపాములాగే రెప్పల్నీ గొంతునీ ఊపిరినీ పట్టేస్తుంది. కాకపోతే ఈ విషం కండరం వైపు తలుపుకు అడ్డం పడుతుంది తప్ప నరాన్ని నాశనం చెయ్యదు. అందుకే నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్‌ను అట్రోపిన్‌తో కలిపి ఇస్తే నాగుపాము కాటు తిన్నవాళ్ళకు వాలిన రెప్పలు మళ్ళీ లేవడం డాక్టర్లు కళ్ళారా చూస్తారు.

రక్తపింజర దారి వేరు. మన కోస్తాలో పొడపాము అనేది కూడా దీన్నే. వరిచేల గట్ల మీద చుట్టలు చుట్టుకుని పడుకుంటుంది, కుక్కరు కూతలాగా బుస కొడుతుంది. 1780ల్లో విశాఖపట్నంలో ఉంటూ ఈస్టిండియా కంపెనీ కోసం పాముల్ని పరిశీలించిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ దీన్ని బొమ్మతో సహా తన పుస్తకంలో అచ్చువేశాడు. అది 1796లో వచ్చింది. స్థానికులు చెప్పిన పేరు, కాటుకరేకుల పొడ అన్నది, అలాగే రాసుకున్నాడు. కోళ్ళనూ కుక్కలనూ ఈ పాములతో కరిపించి, వాటికి ఏమవుతుందో గమనించి నమోదు చేశాడు. ఇవాళ ప్రపంచమంతా ఈ పామును ఆయన పేరుతోనే పిలుస్తోంది. తెలుగు తీరంలో మొదలైన ఆ పరిశీలన తెలుగు బడి పుస్తకాల్లో ఉండవలసినంతగా లేదు.

ఈ పాము విషం రక్తాన్ని ఒక్కసారిగా గడ్డకట్టమని తరుముతుంది. గడ్డకట్టడానికి కావలసిన సరుకంతా ఆ తొందరలో ఖర్చైపోతుంది. ఆ తర్వాత చిగుళ్ళలోంచి, మూత్రంలోంచి, సూది గుచ్చిన చోటునుంచి నెత్తురు కారుతూనే ఉంటుంది. తరువాయి దెబ్బ మూత్రపిండాల మీద పడుతుంది. ఈ గుణాన్నే మంచికి వాడినవాళ్ళూ ఉన్నారు. నెత్తురు ఆగని హీమోఫీలియా రోగుల గాయాల మీద బాగా పలచన చేసిన రక్తపింజర విషాన్ని పూసి రక్తం ఆపవచ్చని 1934లో ఇంగ్లండు డాక్టరు మాక్‌ఫర్లేన్ చూపించాడు.

పింజర కాటుకు పరీక్ష కూడా ఏ యంత్రమూ అక్కర్లేనిది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, బల్ల మీద కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత మెల్లగా ఒక్కసారి వంచుతారు. గడ్డ గొట్టానికి అంటుకుని ఉంటే ప్రస్తుతానికి ఫరవాలేదు. నీళ్ళలా జారిందా, విషం పని మొదలుపెట్టిందన్న మాట. గొట్టం ప్లాస్టిక్‌ది కాకూడదు, సబ్బు పొడితో కడిగినదీ కాకూడదు. ఆ రెంటివల్లా మామూలు రక్తం కూడా గడ్డకట్టకుండా ఉండిపోయి డాక్టరును తప్పుదారి పట్టిస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక కొత్త గాజు గొట్టం, ఒక గోడ గడియారం ఉంటే చాలు, ఈ పరీక్ష అయిపోతుంది.

చిన్న పింజర పేరుకు తగ్గట్టే చిన్నది. మెట్టనేలల్లో, రాళ్ళ మధ్య ఉంటుంది. అంత చిన్నది ఏం చేస్తుందిలే అనుకోవడమే పొరపాటు. దీని విషం కూడా రక్తాన్నే చెడగొడుతుంది.

మరి మంత్రం వేస్తే బతికారన్న మాట ఇన్ని తరాలు ఎలా నిలిచింది? దానికి జవాబు మంత్రంలో లేదు, పాముల్లోనే ఉంది. మనుషుల్ని కరిచే పాముల్లో ఎక్కువ భాగం జెర్రిపోతులూ నీళ్ళపాములూ వంటి విషం లేనివి. విషపు పాము కరిచినా ప్రతిసారీ విషం దించదు. ఎరను చంపడానికి దాచుకున్నదాన్ని మనిషి మీద వృథా చెయ్యకుండా ఒట్టి కాటు వేసి పోవడం మామూలే. కాబట్టి వేపమండలతో దిగదుడిచినా, పసరు పోసినా, ఏమీ చెయ్యకపోయినా వచ్చినవాళ్ళలో చాలామంది బతుకుతారు. ఆ బతికినవాళ్ళే ఊరంతా చెబుతారు. పోయినవాళ్ళ గురించి ఆలస్యమైపోయిందనో రాత అనో అనుకుంటారు. మంత్రం వేసే పెద్దాయనల్లో చాలామందికి డబ్బు మీద ఆశ కూడా ఉండదు. ఊళ్ళో ఆయన మాటకు విలువ ఉంది. "ముందు ఆసుపత్రికి పదండి, నేను బండెక్కి మీ వెంట వస్తా" అని ఆయన చేత అనిపించగలిగితే, వంద కరపత్రాలకంటే అది ఎక్కువ పని చేస్తుంది.

కాటుకీ సూదికీ మధ్య ఎంతసేపు గడిచిందన్నదే చాలావరకు చావుబతుకులను తేలుస్తుంది. దీన్ని నేపాల్‌లో లెక్కతో సహా చూపించారు. ఆగ్నేయ నేపాల్‌లోని దమక్ పాముకాటు చికిత్సా కేంద్రం చుట్టూ ఉన్న పల్లెల్లో మోటార్‌సైకిళ్ళున్న యువకులను వాలంటీర్లుగా చేర్చారు. కాటు పడిందని తెలియగానే బండి మీద నేరుగా కేంద్రానికి తీసుకురావడమే వాళ్ళ పని. దాంతోపాటు కాటు పడితే ఏం చెయ్యాలో ఊళ్ళలో చెప్పించారు. అంతకుముందు నూటికి 10.5 మంది చనిపోతుండగా ఆ తర్వాత అది 0.5కు పడిపోయింది. కొత్త మందేమీ రాలేదు, కొత్త యంత్రమేమీ పెట్టలేదు.

బండి మీద తీసుకెళ్ళేటప్పుడు రోగిని నడిపేవాడికీ వెనక కూర్చున్నవాడికీ మధ్యలో కూర్చోబెట్టాలి. దారిలో మగత కమ్మినా జారిపడకుండా వెనకవాడు పట్టుకుంటాడు. అంతకుముందు చెయ్యవలసింది కొంచెమే. కరిచిన కాలునో చేతినో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆనించి, గుడ్డతో వదులుగా కట్టి కదలకుండా ఉంచాలి. వాపు వచ్చేలోపు ఉంగరాలు, మెట్టెలు, గాజులు, మొలతాడు తీసెయ్యాలి. పరుగెత్తనివ్వకూడదు, నడిపించకూడదు, వీలైతే ఎత్తుకెళ్ళాలి. తాడుతో బిగించి కట్టు కట్టడం మన పెద్దలు చాలాకాలం మంచిదనే నమ్మారు. కానీ అలా బిగించిన కాళ్ళు రక్తం ఆడక కుళ్ళి, తీసెయ్యవలసి వచ్చిన సందర్భాలు సర్జన్లకు బాగా తెలుసు. ఎవరైనా అప్పటికే బిగించి ఉంటే మాత్రం దారిలో విప్పకూడదు. ఆసుపత్రిలో మందు సిద్ధం చేసుకుని డాక్టరే విప్పాలి, ఎందుకంటే ఆపిన విషమంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం సినిమాల వరకే ఉండాలి. రక్తం గడ్డకట్టని మనిషికి బ్లేడు గాటు పెడితే ఆ గాటే ప్రాణం తీస్తుంది. పామును చంపి సంచిలో తేవడానికి పోయి ఇంకొకరు కాటు తిన్న ఊళ్ళున్నాయి. చికిత్స లక్షణాలను చూసి చేస్తారు, పామును చూసి కాదు.

ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు తెల్లటి పొడిగా చిన్న సీసాల్లో వస్తుంది. అందులో నీళ్ళు ఎక్కించాక నర్సు దాన్ని గట్టిగా ఊపదు, నురగ వస్తుంది. అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తుంది. అలా పది సీసాలు కలిపి, సెలైన్‌లో వేసి, సుమారు గంటలో ఎక్కిస్తారు. చంటిపిల్లకైనా, గర్భిణికైనా, భారీ మనిషికైనా మొదటి మోతాదు అంతే. పాము మనిషి బరువు చూసి విషం తగ్గించి పొయ్యదు కదా. పింజర కాటులో ఆరు గంటల తర్వాత మళ్ళీ గాజు గొట్టం పరీక్ష చేస్తారు. విషం ఆగాక కాలేయం గడ్డకట్టే సరుకును తిరిగి తయారుచెయ్యడానికి ఆమాత్రం వ్యవధి కావాలి. ఈలోగా తొందరపడి సీసాల మీద సీసాలు ఎక్కించడం మందు వృథా. మందు ఎక్కేటప్పుడు కొందరికి దద్దుర్లు, వణుకు, ఆయాసం రావచ్చు. పక్కనే అడ్రినలిన్ సిరంజిలో నింపి పెట్టుకున్న డాక్టరుకు దాన్ని అదుపు చెయ్యడం కష్టం కాదు. ఆ భయంతో మందు పెట్టకుండా పెద్దాసుపత్రికి రాసి పంపెయ్యడమే రోగికి అసలు ప్రమాదం.

ఈ మందు వెనక ఉన్న మనుషుల్ని తలుచుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. చెన్నైకీ మహాబలిపురానికీ మధ్య వడనెమ్మేలిలో ఇరుళ తెగవారి సహకార సంఘం ఉంది. ఒకప్పుడు పాము తోళ్ళ వ్యాపారానికి పాముల్ని పట్టి బతికిన కుటుంబాలవి. చట్టం ఆ వ్యాపారాన్ని ఆపేశాక 1978లో రోములస్ విటేకర్ చొరవతో ఈ సంఘం ఏర్పడింది. మట్టి జాడను చూసి కన్నంలో ఏ పాముందో చెప్పగల నేర్పు వాళ్ళది. పట్టిన పాముల్ని ఇసుక పోసిన మట్టికుండల్లో, మూతికి గుడ్డ కట్టి ఉంచుతారు. కొద్ది వారాల్లో నాలుగుసార్లు విషం తీసి, పొట్ట మీది పొలుసుకు గుర్తు పెట్టి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. దేశంలో విరుగుడు తయారీకి వాడే విషంలో చాలా భాగం ఇక్కడినుంచే వెళుతుంది. ఆ సంఘానికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు పుడుతుంది. దాన్నే శుద్ధి చేసి సీసాలకు ఎత్తుతారు. సైగాన్‌లో నాగుపాము కాట్లను చూసిన ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ 1890ల్లో మొదలుపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న విన్స్ బయోప్రొడక్ట్స్ ఈ మందు తయారుచేసే సంస్థల్లో ఒకటి.

ఈ మందులో ఒక లోటు కూడా ఉంది. ఒకే జాతి పాము అయినా ఒక్కో ప్రాంతంలో విషం ఒక్కో రకంగా ఉంటుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కార్తీక్ సునగర్ బృందం దేశం నలుమూలల విషాలను పోల్చి ఈ తేడాలను బయటపెట్టింది. ఒక్క చోట పట్టిన పాముల విషంతో చేసిన మందు అన్ని చోట్లా ఒకే బలంతో పనిచెయ్యదు. ప్రాంతాలవారీగా విషం సేకరించే ఏర్పాటు మన రెండు రాష్ట్రాలకూ అవసరం. అది ప్రభుత్వాలు తలుచుకుంటే అయ్యే పనే.

తేలు సంగతికి వస్తే, నల్లగా లావుగా భయపెట్టే మండ్రగబ్బ కంటే రెండు మూడు అంగుళాల ఎర్ర తేలు ప్రమాదకరం. మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోనూ, మన మెట్ట ప్రాంతాల్లోనూ ఇది ఉంది. కుట్టిన చోట నొప్పికి గట్టిగా ఏడ్చే పిల్లవాడికంటే, నొప్పి పెద్దగా లేకుండా ఒళ్ళంతా చెమటలు కారి, వాంతులై, చేతులూ కాళ్ళూ చల్లబడుతున్న పిల్లవాడి గురించి ఎక్కువ భయపడాలి. ఆ విషం రక్తనాళాలను బిగించేసి గుండెను అలసిపోయేలా చేస్తుంది. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి నోటివెంట గులాబీ రంగు నురగ వస్తుంది. 1970ల్లో రాయగడ్ జిల్లా మహాడ్ దగ్గర బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఇలా పోతున్న పిల్లల్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని కూర్చుని, ప్రతి లక్షణాన్నీ రాసుకున్నారు. రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే చవక మాత్ర ఆ బిగుతును విప్పుతుందని కనిపెట్టారు. 1986లో లాన్సెట్ పత్రిక ఆ పరిశోధనను అచ్చువేసింది. తీవ్రంగా విషం ఎక్కినవాళ్ళలో నూటికి 40 దాకా ఉండే మరణాలు ఒకటికి దగ్గరగా వచ్చాయి. మాత్ర వేశాక మూడేసి గంటలకు మళ్ళీ వేస్తూ, చల్లబడిన పాదాలు వెచ్చబడేదాకా చూస్తారు. ఈలోగా పిల్లవాడిని లేపి నిలబెట్టకూడదు, రక్తపోటు పడిపోతుంది. తర్వాత తేలు విరుగుడు ఇంజెక్షన్‌ను ప్రజోసిన్‌తో కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో ఆయనే చూపించారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. పల్లె ఆసుపత్రిలో ఉండి ప్రపంచం చదివే పరిశోధన చెయ్యవచ్చని ఆయన్ను చూసి ఎంతమంది కుర్ర డాక్టర్లు నమ్మితే అంత మంచిది.

తేనెటీగలూ కందిరీగలూ కుట్టినప్పుడు చాలామందికి వాపుతో పోతుంది. కొందరికి మాత్రం నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, స్పృహ తప్పుతుంది. అప్పుడు తొడ కండరంలో వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్‌దే మొదటి స్థానం, అలర్జీ మాత్రలది కాదు.

మళ్ళీ పాముకాటు దగ్గరికి వస్తే, ఆసుపత్రి మంచం మీంచి లేచి ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. వారం పది రోజుల తర్వాత జ్వరం, కీళ్ళనొప్పులు, దద్దుర్లు వస్తే అవి విరుగుడు మందు వల్ల కావచ్చు, మందులతో తగ్గుతాయి. రక్తపింజర కాటు తిన్నవాళ్ళకు మూత్రం తగ్గినా, ముఖం ఉబ్బినా వెంటనే కిడ్నీ పరీక్ష చేయించాలి. కొందరిలో ఆ విషం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచాక తగ్గని నీరసం, చలి తట్టుకోలేకపోవడం, ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోవడం కనిపిస్తాయి. అలాంటి మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఎప్పుడో జరిగిన పాముకాటును గుర్తుచేసుకుని చెప్పకపోతే, ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన డాక్టరుకు రాదు. చెబితే హార్మోన్ల రక్తపరీక్షతో సంగతి తేలుతుంది. ఆ తర్వాత రోజూ వేసుకునే మాత్రలతో మళ్ళీ పొలం పనికి వెళ్ళగలుగుతారు.